ముల్లు కింద లెక్కలు

(రికార్డింగ్ సంస్థలో రాయల్టీ చిట్టాలు రాస్తూ ఉద్యోగ విరమణ చేసిన మా శీర్షిక రచయిత్రి, పాటల వ్యాపారంపై పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: అమ్మా, నేను సొంతంగా పాటలు రాసి, పాడి స్ట్రీమింగ్ వేదికల్లో పెడుతున్నాను. ఒక పాటను నాలుగు లక్షల సార్లు విన్నట్టు చూపిస్తోంది. వచ్చిన డబ్బు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఒకసారి వింటే ఇంత అని ధర ఎందుకు చెప్పరు? – ఒక గాయని

చెప్పడానికి అలాంటి ధర లేదు కనుక చెప్పరు. నెలంతా శ్రోతలు కట్టిన చందాలూ ప్రకటనల రాబడీ ఒకచోట పోగవుతాయి. వేదిక తన వాటా తీసుకుంటుంది. స్పాటిఫై చెప్పే లెక్క ప్రకారం సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకు వెళ్తుంది. ఆ నెలలో జనం విన్న మొత్తం పాటల్లో ఎవరివి ఎన్ని అని చూసి ఆ సొమ్మును పంచుతారు. అందుకే మీ పాటను రెండు నెలల్లోనూ సరిగ్గా అన్నే సార్లు విన్నా, రెండు నెలల డబ్బు ఒకటిగా ఉండదు. పత్రికల్లో కనిపించే ‘ఒక్కసారి వింటే ఇంత’ అన్న అంకె, అంతా పంచాక వెనక్కి భాగించి తేల్చిన సగటు.

చిన్న లెక్క వేద్దాం. ఒక వేదికకు ఇద్దరే శ్రోతలు ఉన్నారనుకోండి. చెరొక వంద కడతారు. వేదిక వాటా పోను 140 మిగిలింది. మొదటి శ్రోత నెలంతా మీ పాట ఒక్కటే పదిసార్లు విన్నారు. రెండో శ్రోత వేరొకరి పాటలను పొద్దస్తమానం పెట్టుకుని 990 సార్లు విన్నారు. మొత్తం వెయ్యిలో మీవి పది, అంటే నూటికి ఒకటి. మీకు దక్కేది 1.40. మీ కోసమే చందా కట్టిన మనిషి సొమ్ములో సింహభాగం, ఆయన ఎన్నడూ వినని వారికి వెళ్లిపోయింది. ఎవరి చందా వారు విన్నవారికే పంచితే మీకు 70 రావాలి. ఇలా పంచాలని వాదించేవారు చాలాకాలంగా ఉన్నారు. సౌండ్‌క్లౌడ్ అనే వేదిక 2021లో స్వతంత్ర కళాకారుల కోసం ఈ పద్ధతి మొదలుపెట్టింది. పెద్ద వేదికల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ పాత పంపకమే. 2024 నుంచి స్పాటిఫైలో ఇంకొక మెలిక కూడా ఉంది. గడచిన పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు కూడా వినని పాటకు రికార్డింగ్ వాటా అసలు లెక్కించరు.

మీరు అడగని విషయం ఒకటి చెబుతాను. ఉత్తరం చదవగానే నాకు తట్టింది అదే. మీరు పాట రాశారు, పాడారు కూడా. అంటే మీకు రెండు ఖాతాలు ఉండాలి. పాడి రికార్డు చేసినందుకు వచ్చేది ఒకటి, సాహిత్యం, బాణీ మీవి అయినందుకు వచ్చేది రెండోది. మీ పాటను వేదికకు చేర్చే పంపిణీ సంస్థ సాధారణంగా మొదటిదే తెచ్చి ఇస్తుంది. రెండోది రచయితల, స్వరకర్తల హక్కుల సంఘం ద్వారా రావాలి. అందులో మీ పేరూ పాటా నమోదు కాకపోతే ఆ డబ్బు దిక్కులేక ఎక్కడో పడి ఉంటుంది. ముందు అక్కడ నమోదు చేయించుకోండి. నవ్వడం, ఏడవడం తర్వాత చూద్దాం.

ప్రశ్న: పాటలు మూడు నిమిషాలే ఎందుకు? – ఇంటర్ విద్యార్థి

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు మీద ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. స్వరకర్తలు ఆ కొలతకే కుట్టడం నేర్చుకున్నారు. 1948లో కొలంబియా సంస్థ ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా నడిచే ఎల్‌పీ తెచ్చింది. మరుసటి ఏడాదే ఆర్‌సీఏ విక్టర్ పోటీగా 45 చుట్ల చిన్న రికార్డు దించింది. ఒక్కో పాట అమ్మడానికి చిన్నదే నిలిచింది కనుక పాటా చిన్నదిగానే ఉండిపోయింది. ఇప్పుడు కొలిచే గడియారం వేరు. ముఖ్యమైన వేదికల్లో ముప్పై సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు. మొదట్లో వచ్చే వాద్య సంగీతం ఎందుకు కుంచించుకుపోయిందో, పల్లవి ఎందుకు పరుగున వస్తోందో ఇక నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: పాత గ్రామఫోన్ రికార్డుల చివర గాయని తన పేరు గట్టిగా చెప్పుకోవడం విన్నాను. గొప్ప కోసమా? – రికార్డులు సేకరించే ఒక ఉపాధ్యాయుడు

అయ్యో, కాదు మాస్టారూ. ఆ కేక ఫ్యాక్టరీ గుమాస్తాల కోసం. నా వృత్తి సోదరులు కనుక వారి తరఫున మాట్లాడే హక్కు నాకుంది.

లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజనీరు రికార్డింగ్ సామగ్రి మూటగట్టుకుని ఊరూరా తిరిగేవాడు. 1902 ఏప్రిల్‌లో మిలాన్‌లోని హోటల్ గదిలో ఆపెరా గాయకుడు ఎన్రికో కరూసో చేత పది పాటలు పాడించాడు. ఇచ్చింది వంద పౌన్లు. ఆ ఏడాది నవంబరులోనే కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతు పట్టుకున్నాడు. మైనపు పలకల మీద చెక్కిన ఆ గాళ్లు ఓడలో జర్మనీలోని హానోవర్ ఫ్యాక్టరీకి వెళ్లేవి. అక్కడ అచ్చు తీసేవారికి ఆ భాష తెలియదు, ఆ గొంతు ఎవరిదో తెలియదు. లేబుల్ మీద తప్పు పేరు పడకుండా, పాట చివర ‘మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్’ అని ఆవిడే చెప్పేవారు. ఆ మాటే తర్వాత ఆవిడ ముద్ర అయిపోయింది.

అప్పటికి మైకు లేదు. పెద్ద బాకా వంటి గొట్టం నోట్లోకి తల దూర్చినట్టు నిలబడి పాడాలి. తారస్థాయికి వెళ్లేటప్పుడు వెనక్కి జరగాలి, మంద్రంలో ముందుకు రావాలి. వయొలిన్ నాదం గొట్టానికి అందడం లేదని చెక్క పెట్టె తీసేసి లోహపు బాకా తగిలించిన స్ట్రో వయొలిన్ చేయించారు. 1925లో మైకుతో, విద్యుత్తుతో రికార్డింగ్ వచ్చాకే గాయకులు గుసగుసగా పాడగలిగారు. అంతకు ముందు తరం రికార్డులు విని ‘ఇంత అరుపు ఎందుకు’ అని విసుక్కునేవారు ఆ గొట్టాన్ని ఒకసారి తలచుకోవాలి.

ప్రశ్న: మా బృందానికి ఒక లేబుల్ (రికార్డు సంస్థ) అడ్వాన్సు ఇస్తామంటోంది. రికార్డు ఆడకపోతే తిరిగి కట్టాలా? ఆడితే మరుసటి నెల నుంచే రాయల్టీ వస్తుందా? – గిటారు వాయించే ఒక పాఠకుడు

మామూలు ఒప్పందంలో మొదటిదానికి జవాబు, కట్టనక్కరలేదు. రెండోదానికి జవాబు కొంచెం పెద్దది. కూర్చోండి.

అడ్వాన్సు మీ రాయల్టీలోంచే ముందుగా ఇచ్చిన సొమ్ము. అది తీరేదాకా మీ ఖాతాలో జమ అయ్యే ప్రతి పైసా సంస్థకే వెళ్తుంది. స్టూడియో అద్దె, నిర్మాత పారితోషికం, చాలాసార్లు వీడియో ఖర్చులో సగం కూడా మీ బాకీలోనే రాస్తారు. తీరడానికి ఎంత కాలం పడుతుందో తెలియాలంటే శాతం చూస్తే చాలదు, ఆ శాతం దేని మీద అన్నది చూడాలి. సీడీల కాలంలో నా బల్ల మీద నడిచిన పద్ధతిలో ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు ఊహించినవి. కోతలు మాత్రం ఊహ కాదు.

సీడీ ధర వంద. పదివేలు అమ్ముడయ్యాయి. మీకు 12 శాతం. లక్షా ఇరవై వేలు రావాలి కదా? ఆగండి. ముందు ‘ప్యాకేజింగ్’ పేరుతో ధరలో 25 శాతం పోతుంది. ఇప్పుడు లెక్క 75 మీద. నిర్మాతకు ఇచ్చే మూడు శాతం మీ పన్నెండులోంచే. మీకు తొమ్మిది. సీడీకి 6.75. ఆ తర్వాత పదివేలలో పది శాతం ‘విరిగినవి’ కింద తీసేసి తొమ్మిది వేలకే లెక్క కడతారు. మొత్తం 60,750. సీడీ ‘కొత్త సాంకేతికత’ కనుక రేటులో 80 శాతమే ఇస్తామన్న షరతు ఒకటుంటుంది. 48,600. మీ బాకీ లక్ష ఉందనుకుంటే ఇంకా 51,400 మీరే బాకీ ఉన్నారు. ఆ సీడీలను సంస్థ దుకాణాలకు యాభై చొప్పున ఇచ్చినా దాని పెట్టెలో ఐదు లక్షలు పడ్డాయి. తయారీ, ప్రచారం ఖర్చులు తీసేసినా సంస్థ లాభంలో ఉండవచ్చు, మీరు బాకీలో ఉండవచ్చు. రెండూ ఒకే చిట్టాలో, ఒకే రోజున. నేనే రాసేదాన్ని.

ఆ ‘విరిగినవి’ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాత 78 రికార్డు లక్క, రాతిపొడి, నల్లరంగు కలిపి ఒత్తినది. చేతిలోంచి జారితే ముక్కలే. దారిలో కొన్ని పగులుతాయి కనుక పది శాతం మినహాయించడంలో అప్పట్లో న్యాయం ఉంది. తర్వాత వినైల్ వచ్చింది. అది వంగుతుంది కానీ విరగదు. ఆ తర్వాత సీడీ. అయినా ఆ పది శాతం దశాబ్దాల పాటు ఒప్పందాల్లో హాయిగా బతికింది. ఇంటర్నెట్‌లో దించుకునే పాటకు కూడా కొన్ని ఒప్పందాల ప్రకారం ప్యాకేజింగ్ కోత పడింది. అట్ట లేదు, పెట్టె లేదు, ప్యాకేజింగ్ మాత్రం ఉంది! మా విభాగంలో ఈ మాట మీద ఎన్నోసార్లు నవ్వుకున్నాం. నవ్వి, కోత కోసి, సంతకం పెట్టేవాళ్లం.

దించుకున్న పాటను అమ్మకం అనాలా, లైసెన్సు అనాలా అన్నదాని మీద అమెరికాలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. ర్యాప్ గాయకుడు ఎమినెం తొలినాళ్ల రికార్డులకు పనిచేసిన ఎఫ్‌బీటీ ప్రొడక్షన్స్, అతని లేబుల్ ఆఫ్టర్‌మాత్ మీద వేసిన దావా అది. అమ్మకమైతే వాటా పన్నెండు శాతం నుంచి ఇరవై దాకా, లైసెన్సు అయితే సగానికి సగం. ఆ ఒప్పందంలోని మాటల ప్రకారం అది లైసెన్సేనని 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తర్వాత రాసిన ఒప్పందాల్లో సంస్థలు ఆ వాక్యాన్ని ఎంత జాగ్రత్తగా మార్చుకున్నాయో ఊహించండి.

సంస్థల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. విడుదలైన వాటిలో ఎక్కువ భాగం పెట్టుబడి కూడా రాబట్టవు. ఆడిన రికార్డు ఆడని వాటి నష్టం మోయాలి. ఇది నిజం, చిట్టాల్లో చూశాను. 2000కు ముందు సంతకం చేసిన, అర్హతలు కుదిరిన పాత కళాకారుల విషయంలో తీరని బాకీని పక్కన పెట్టి రాయల్టీ చెల్లిస్తామని సోనీ 2021లో ప్రకటించింది. 2022లో వార్నర్, యూనివర్సల్ కూడా అదే దారి పట్టాయి. మంచి పనే. మీరు మాత్రం ఇప్పుడు సంతకం చేయబోతున్నారు, 2000కు ముందు కాదు. కనుక రెండు వాక్యాలు వెతకండి. ఒక రికార్డు బాకీని మరో రికార్డు రాబడిలోంచి తీసుకుంటామని ఉందా? ఉంటే తీయించండి. మాస్టర్, అంటే ప్రతులు తీసే అసలు రికార్డింగ్, ఎన్నేళ్లకు మీ చేతికి వస్తుంది? ‘శాశ్వతంగా’ అని ఉంటే అడ్వాన్సు ఎంత పెద్దదైనా ఒక న్యాయవాదికి చూపించకుండా కలం తీయకండి.

ప్రశ్న: పాట రాసినవారిదే అయితే రికార్డు వేరొకరిది ఎలా అవుతుంది? గాయకులు పాత పాటలనే మళ్లీ రికార్డు చేయడం వెనుక ఉన్న సంగతేమిటి? – న్యాయశాస్త్ర విద్యార్థిని

పాట వేరు, ఆ పాటను ఒక రోజున ఒకరు పాడగా పట్టుకున్న శబ్దం వేరు. చట్టానికి ఈ రెండోది అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877 నాటిది. బెర్లినర్ పళ్లెం ఆకారపు గ్రామఫోన్‌కు పేటెంటు పెట్టింది 1887లో. వ్యాపారం ఊపందుకున్నాక కూడా, స్వరాలు రంధ్రాలుగా గుచ్చిన పియానో కాగితపు చుట్ట పాటకు ‘ప్రతి’ కాదని 1908లో అమెరికా సుప్రీం కోర్టు తేల్చింది. మనిషి కంటితో చదవలేడు కదా అన్నది వాదన. స్వరకర్తలు గగ్గోలు పెడితే మరుసటి ఏడాది చట్టం మార్చి ప్రతికి రెండు సెంట్లు ఇవ్వాలన్నారు. ఆ రెండు సెంట్లు 1977 చివరి దాకా రెండు సెంట్లే. ప్రపంచంలో ఏ వస్తువు ధర అన్నేళ్లు కదలకుండా ఉందో చెప్పండి చూద్దాం.

శబ్దముద్రణకంటూ అమెరికా ఫెడరల్ చట్టంలో రక్షణ దొరికింది 1972 ఫిబ్రవరి 15 నుంచే. బ్రిటన్ 1911 చట్టంలోనే ఆ పని చేసింది.

ఇక మళ్లీ రికార్డు చేయడం. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బముల మాస్టర్లు ఆమె పాత లేబుల్‌వి. 2019లో ఆ లేబుల్‌తో పాటు అవీ చేతులు మారాయి. అయితే పాటల రచనలో హక్కు ఆమెకు ఉంది. తన పాటలే తాను కొత్తగా పాడి, కొత్త మాస్టర్లకు యజమాని కావడానికి ఆ హక్కు సాయపడింది. ఒప్పందంలో ‘ఇన్నేళ్లు మళ్లీ పాడరాదు’ అన్న గడువు తీరాక 2021 నుంచి వరసగా నాలుగు ఆల్బములు అలా విడుదల చేశారు. 2025లో పాత మాస్టర్లనూ కొనుక్కున్నారు. అందరి వల్లా అయ్యే పని కాదిది. కొత్తది వినండి అంటే వినే అభిమానులు ఉండాలి. ఆ తర్వాత కొత్త ఒప్పందాల్లో ఆ నిషేధపు గడువు పెంచాలని సంస్థలు పట్టుబడుతున్నాయి. మీరు ఈ రంగంలో వకాలతు పుచ్చుకుంటే మొదట పోట్లాడాల్సిన వాక్యం అదే.

ప్రశ్న: గోల్డ్ డిస్కు నిజంగా బంగారమేనా? – ఒక గృహిణి

పూత అమ్మా, పూత. 1942లో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ బ్యాండు నాయకుడు గ్లెన్ మిల్లర్‌కు ప్రచారం కోసం బంగారు పూత పూసిన రికార్డు ఇచ్చింది. అమెరికా రికార్డు సంస్థల సంఘం 1958లో దాన్ని, రికార్డు బాగా పోయిందని చెప్పే అధికారిక ధ్రువీకరణగా మార్చింది. ఆ లెక్క దుకాణానికి పంపిన ప్రతులది. కొన్నవారి సంఖ్య కాదు. అమ్ముడవని ప్రతులు తిరిగి వచ్చేవి కనుక ‘గోల్డుగా వెళ్లి ప్లాటినంగా (అది గోల్డు కన్నా పెద్ద మెట్టు) తిరిగొచ్చింది’ అన్న చలోక్తి ఈ వ్యాపారంలో పాతదే. ఇప్పుడు 150 సార్లు వింటే ఒక పాట అమ్ముడైనట్టు లెక్క.

అమ్మకాల వరుస తీసే పద్ధతి అంతకన్నా తమాషా. బిల్‌బోర్డు పత్రిక దుకాణాలకు ఫోను చేసి ఏవి బాగా పోతున్నాయని అడిగేది. దుకాణదారు ఇష్టాయిష్టాలూ, సంస్థల మొహమాటాలూ అందులో కలిసేవి. 1991 మేలో బార్‌కోడు లెక్కలకు మారగానే గ్రామీణ శ్రోతల కంట్రీ సంగీతమూ, ర్యాపూ ఒక్కసారిగా పైకి లేచాయి. జనం కొత్తగా కొనడం మొదలుపెట్టలేదు. అడిగినవారు కొత్తగా వినడం మొదలుపెట్టారు.

ప్రశ్న: మీరెప్పుడూ సంస్థలనే తిడతారు. ఉచితంగా దించుకున్న జనం ఈ పరిశ్రమను ముంచలేదా? – కోపంగా ఉన్న ఒక పాఠకుడు

ముంచారు. 1999లో, జనం పాటలను ఒకరి కంప్యూటరు నుంచి ఒకరు ఉచితంగా దించుకునే నాప్‌స్టర్ వచ్చింది. 2014 నాటికి ప్రపంచ రికార్డు వ్యాపారం రాబడి సుమారు 40 శాతం పడిపోయింది. మా విభాగంలో బల్లలు ఒక్కొక్కటే ఖాళీ కావడం చూసినదాన్ని, నాకు కొత్తగా చెప్పనక్కరలేదు. కానీ నాప్‌స్టర్‌ను 2001లో మూయించిన చేత్తోనే సంస్థలు పాటలను సులువుగా కొనుక్కునే దారి కూడా వేసి ఉండాల్సింది. వారు వేసిన దారులు ఎంత ఇరుకంటే, ఆ దారి 2003లో యాపిల్ అనే కంప్యూటర్ల సంస్థ పాటకు 99 సెంట్ల చొప్పున వేసింది. పన్నెండు పాటల సీడీలో ఒక మంచి పాటకు డబ్బు పెట్టే కాలం ఆ రోజుతో పోయింది. అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌పీఐ లెక్కలో 2024 రాబడి 2,960 కోట్ల డాలర్లు, అందులో 69 శాతం స్ట్రీమింగుదే. ధరల పెరుగుదల తీసి చూస్తే 1999 స్థాయి ఇంకా రాలేదు. రెండు పక్షాలనూ తిట్టాను, సరిపోయిందా?

ప్రశ్న: మా నాన్నగారు పాడిన రెండు రికార్డులు మా ఇంట్లో ఉన్నాయి. సంస్థ పేరు ఇప్పుడు వినబడదు. హక్కులు ఎవరివో ఎలా తెలుసుకోవాలి? – ఒక పాఠకురాలు

సంస్థ పేరు మాయమైనా మాస్టర్ ఎవరో ఒకరి చేతిలోకి వెళ్లే ఉంటుంది. 1931లో రెండు కంపెనీలు కలిసి ఈఎమ్‌ఐ అనే రికార్డు సంస్థ అయ్యాయి. 2012లో ఆ ఈఎమ్‌ఐ రికార్డింగులు యూనివర్సల్‌కు, పాటల హక్కులు సోనీ నాయకత్వంలోని బృందానికి పోయాయి. చిన్న లేబుళ్లూ ఇలాగే ఒకదాని కడుపులోకి ఒకటి వెళ్తుంటాయి.

రికార్డును వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. పాట ముగిసే గాడికీ, నడుమ అంటించిన కాగితపు లేబుల్‌కూ మధ్య నున్నటి జాగాలో గీసినట్టో అచ్చు వేసినట్టో అక్షరాలు, అంకెలు ఉంటాయి. అదే మ్యాట్రిక్స్ నంబరు. లేబుల్ మీద ఉండే అమ్మకం నంబరు కన్నా ఇది నమ్మదగినది, ఎందుకంటే అది పుట్టింది రికార్డింగ్ సమయంలోనే. చివర ఉండే అంకె చాలాసార్లు ఎన్నోసారి పాడినది ఎంచుకున్నారో చెబుతుంది. రెండు వైపులా రాసుకోండి. లేబుల్‌ను ఫోటో తీయండి. నాన్నగారి పెట్టెలో రాయల్టీ చీటీ, మనియార్డరు రసీదు, ఒప్పందం, ఏది దొరికినా దాచండి. ఆ తర్వాత రికార్డు సంస్థల సంఘానికీ, ఆ లేబుల్‌ను కొన్నదనుకుంటున్న సంస్థ లైసెన్సు విభాగానికీ మ్యాట్రిక్స్ నంబరుతో సహా ఉత్తరం రాయండి. పాట ఇప్పటికే ఏదైనా వేదికలో ఉంటే దానికి ఐఎస్‌ఆర్‌సీ అనే గుర్తు ఉంటుంది, ఒక్కో రికార్డింగుకు ఇచ్చే పన్నెండు అక్షరాల, అంకెల సంకేతం అది. అది ఎవరి పేరిట నమోదైందో చూస్తే సగం దారి దొరికినట్టే. ఉత్తరంలో వారసత్వ ధ్రువపత్రం నకలు జత చేయడం మరవకండి. అది లేని ఉత్తరాలను మా విభాగంలో వేరే దొంతరలో పెట్టేవారు, ఆ దొంతర చివరికి గానీ ఎవరూ తీసేవారు కాదు.